కారవాన్ వెనక కెమెరా: వైర్‌లెస్ చాలా, వైరు లాగాల్సిందేనా?

దారిబత్తెం:
కారు వెనక లాగే కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు). పొడవు 7 మీటర్లు, బాడీ అంతా అల్యూమినియం రేకు. వెనక గోడ పైఅంచున పెట్టే కెమెరా నుంచి డ్యాష్‌బోర్డు మీది స్క్రీను దాకా 10 మీటర్ల పైచిలుకు దూరం. చూస్తున్న డిజిటల్ వైర్‌లెస్ సెట్టు పెట్టె మీద రేంజి 100 మీటర్లని రాసి ఉంది. రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ వెనక ఏం వస్తోందో కనిపించాలి, రివర్సులోనూ పనికిరావాలి. వైర్‌లెస్ సరిపోతుందా?

రాగితీగ:
నా ఓటు వైరుకే. ఆ 100 మీటర్లు ఖాళీ మైదానంలో, మధ్య ఏ అడ్డూ లేనప్పటి లెక్క. ఈ సెట్లు ఎక్కువగా పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. అల్యూమినియం రేకులోంచి ఆ తరంగం దూరదు. అంచుల చుట్టూ వంగినదీ, రోడ్డుకి తగిలి తిరిగొచ్చినదీ మాత్రమే కారుకి చేరుతుంది. బండి తిన్నగా ఉన్నంతసేపూ అది చాలు. రివర్సులో కారూ కారవానూ కోణం తిరిగాయంటే పక్కగోడ మొత్తం అడ్డొస్తుంది. బొమ్మ అన్నిటికంటే అవసరమైనప్పుడే సిగ్నల్ పలచబడుతుంది. వైరుతో నడిచే ఏహెచ్‌డీ (అనలాగ్ హై డెఫినిషన్) కెమెరాకి ఈ బాధ లేదు, ఆలస్యం కూడా కంటికి తెలియదు.

గాలితరంగం:
మొదటి సగంతో ఏకీభవిస్తాను, తీర్పుతో కాదు. బొమ్మ చెదరడం, పక్క బండి కెమెరా మన స్క్రీన్‌లోకి రావడం పాత అనలాగ్ సెట్ల జబ్బులు. ఇప్పటి డిజిటల్ సెట్లు జత కట్టుకుని, సెకనుకి ఎన్నోసార్లు చానెల్ మారుస్తూ పోతాయి. ఆలస్యం 0.2 సెకను అనుకుందాం. గంటకి 3 కిలోమీటర్ల రివర్సు వేగంలో అది 17 సెంటీమీటర్లు. అర మీటరు వదిలి ఆగేవాళ్లకి దానివల్ల నష్టం లేదు. హైవే మీద 20 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో దగ్గరికొచ్చే బండి ఆ వ్యవధిలో జరిగేది మీటరు పైచిలుకు. అదీ సమస్య కాదు.

వైరు అసలు బలహీనత కారునీ కారవాన్‌నీ కలిపే కొక్కెం దగ్గరి ప్లగ్గు. స్ప్రింగు కేబుల్ సాగుతుంది, పిన్నుల్లో నీరు చేరి పచ్చటి చిలుము పడుతుంది, తీయడం మరిస్తే తెగుతుంది. సిగ్నల్ భయమైతే యాంటెన్నా స్థలం మార్చండి. మరతో బిగించే, విప్పి మార్చగల యాంటెన్నా ఉన్న సెట్టే తీసుకోండి. కానీ యాంటెన్నాకి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు: ఆర్‌జీ58 రకం యాంటెన్నా కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి దాదాపు 1 డెసిబెల్ తింటుంది, 3 మీటర్లకే సగం శక్తి ఖర్చు. అంతకంటే ట్రాన్స్‌మిటర్ విడిగా వచ్చే సెట్టు మేలు. కెమెరా వెనక గోడ మీదే, ట్రాన్స్‌మిటర్ పెట్టె కారవాన్ ముందు అరలో, యాంటెన్నా కారు వెనకద్దానికి ఎదురుగా.

రాగితీగ:
కారవాన్ లోపల 7 మీటర్లు వైరు లాగాక ఇంకో మీటరు దాటడానికి రేడియో ఎందుకు? ఆ ప్లగ్గుకి మరమూత, కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు (పిన్నులకి తేమ తగలనివ్వనిది) చాలు.

ఫ్యూజుపెట్టె:
ఇద్దరూ సిగ్నల్ దగ్గరే ఆగారు. వైర్‌లెస్ ఆడటం లేదన్న ఫిర్యాదుల్లో కరెంటు తప్పు చాలా ఉంటుంది. వైర్‌లెస్ అన్నా కెమెరాకి 12 వోల్టులు ఇవ్వాల్సిందే. అందరూ వెనక పైన ఉన్న మార్కర్ లైటు (బండి అంచు తెలిపే చిన్న దీపం) వైరుకి కలిపేస్తారు, దగ్గరగా ఉంటుంది గనక. రెండు చిక్కులు. లైట్లు వేస్తేనే కెమెరా వెలుగుతుంది. పైగా కొన్ని కొత్త కార్లు ట్రైలర్ లైట్లకి నిలకడ వోల్టేజీ ఇవ్వవు, ముక్కలుముక్కలుగా ఇస్తాయి. బల్బుకి తేడా తెలియదు, కెమెరా మాత్రం మళ్లీమళ్లీ ఆగి మొదలవుతుంది. చూసేవాళ్లు సిగ్నల్ పోయిందనుకుంటారు.

కారుకీ కారవాన్‌కీ మధ్య ఉన్నది 13 పిన్నుల ప్లగ్గైతే కెమెరాకి కరెంటు పిన్ 10 నుంచి తీసుకోండి. ఇగ్నిషన్‌తో వచ్చే సరఫరా అది, దాని ఎర్త్ పిన్ 11. మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజు. కెమెరా లాగేది సాధారణంగా 0.3 ఆంపియర్ లోపే. కొన్ని కార్ల టో వైరింగులో (ట్రైలర్ కోసం వేసే వైర్లలో) పిన్ 10 ఖాళీగానే ఉంటుంది, ముందు మీటరు పెట్టి చూడండి. రివర్సు లైటు (పిన్ 8) మీద పెట్టకండి. నడుస్తున్నప్పుడు బొమ్మ రాదు, రివర్సు వేశాక కూడా కెమెరా లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

లోపలి లైటు వైరుకి కలపడం ఇంకో పొరపాటు. చాలా కారవాన్లలో కారు ఇంజను మొదలవగానే ఒక రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) లోపలి 12 వోల్టుల సర్క్యూట్లని కట్ చేస్తుంది. ఇంటి దగ్గర పరీక్షిస్తే పనిచేస్తుంది, బయల్దేరగానే చీకటి. నేరుగా కారవాన్ బ్యాటరీకి ఇస్తే స్విచ్చు తప్పనిసరి. 0.25 ఆంపియర్ చొప్పున మరిచిపోతే రోజుకి 6 ఆంపియర్ అవర్లు పోతాయి.

దారిబత్తెం:
ఫోన్ యాప్‌తో నడిచే వైఫై కెమెరా? అయస్కాంతంతో అతికేదీ, లోపల బ్యాటరీ ఉన్నదీ చూశాను.

గాలితరంగం:
రోడ్డు మీద వాడకానికి వద్దు. ఫోన్ కాల్ వస్తే యాప్ వెనక్కి పోతుంది, కనెక్షన్ తెగితే మీరే మళ్లీ కలపాలి. 18 వాట్ అవర్ల బ్యాటరీ 2.4 వాట్ల కెమెరాని ఏడున్నర గంటలకి మించి నడపదు. అల్యూమినియానికి అయస్కాంతం అతకనే అతకదు. కొక్కెం తగిలించేటప్పుడు కారు వెనక దాన్ని పట్టే లోహపు బంతి కనిపించడానికైతే అది చక్కటి సాధనం.

రాగితీగ:
వైర్‌లెస్సే కొంటానంటే ఒక్క పరీక్ష మాత్రం మానకండి. సిగ్నల్ తెగినప్పుడు స్క్రీన్ నల్లబడాలి, లేదా హెచ్చరిక చూపాలి. కొన్ని సెట్లు చివరి ఫ్రేమునే పట్టుకుని కూర్చుంటాయి. వెనక ఖాళీ అని చూపే పాత బొమ్మ ఏ బొమ్మా లేకపోవడం కంటే ప్రమాదం. కెమెరా ముందు ఒకరు చెయ్యి ఊపుతుండగా కరెంటు తీసేయండి. స్క్రీన్ మీద చెయ్యి ఆగిపోయి అలాగే ఉంటే ఆ సెట్టు తిప్పి పంపేయండి. ఇది నాకు రేంజి కంటే పెద్ద విషయం.

గాలితరంగం:
ఇందులో వాదన లేదు.

చెక్కచట్రం:
బిగించే ముందు నాదొక మాట. వైరు రంధ్రం మూయడానికి వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడకండి. అది లోహాన్ని తింటుంది, తర్వాత దానిమీద ఇంకేదీ అతకదు. బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు (నీరు దిగనివ్వని మెత్తటి జిగురు టేపు), వైరుకి కేబుల్ గ్లాండు (వైరు చుట్టూ బిగిసే మూత). రంధ్రానికి ముందు వైరు కిందికి ఒక వంపు తిరగాలి, నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. లోపలి చెక్క తడిస్తే కెమెరా కంటే గోడకి అయ్యే ఖర్చు పెద్దది. కెమెరా ఐపీ రేటింగు (దుమ్ము, నీరు తట్టుకునే స్థాయి) ఐపీ69కే అయితే ప్రెషర్ వాష్‌కి తట్టుకుంటుంది. ఐపీ67 నీట మునిగినా ఆగుతుందని మాత్రమే చెబుతుంది.

వంచే కోణం కూడా చూసుకోండి. రోడ్డు మీద చూపుకి ఆకాశపు గీత స్క్రీన్ పై మూడో వంతులో ఉండాలి, రివర్సుకి బంపరు అంచు కింద కనబడాలి. 120 డిగ్రీల లెన్సుతో రెండూ కుదరడం కష్టం. 170 అయితే కుదురుతుంది గానీ వెనక బండ్లు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. స్క్రీన్ సెట్టింగులో బొమ్మని అద్దంలా తిప్పుకోండి. పార్కింగు గీతలు ఆపేయండి, అవి కారుకి గీసినవి. కోణం ఎంత తిరిగిందో ఈ కెమెరా చూపదు, దానికి పక్కద్దాలే దిక్కు.

ఫ్యూజుపెట్టె:
రంధ్రం చెయ్యకముందే కెమెరాని టేపుతో అనుకున్న చోట అంటించి, విడి 12 వోల్టుల బ్యాటరీతో నడపండి. ఖాళీ స్థలంలో రెండు వైపులా రివర్సు మలుపు పూర్తిగా తిప్పి చూడండి, ఇంజను ఆన్‌లో, ఫోన్ బ్లూటూత్ కలిసే ఉండాలి. రెండు వైపులా బొమ్మ నిలిచిందా, అప్పుడు డ్రిల్లు తీయండి. ఒక వైపు పోతే ట్రాన్స్‌మిటర్‌ని కారవాన్ ముందు అరలో పెట్టే పద్ధతి. అదీ కుదరకపోతే రాగితీగ గారి దారే.