కొత్త అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సంత: రైతుల దగ్గర అద్దె తీసుకోవాలా?

తెల్లాపూర్ టవర్ 3:
హైదరాబాద్ శివార్లలో, తెల్లాపూర్ వైపు కొత్త గేటెడ్ కమ్యూనిటీ మాది. 640 ఫ్లాట్లలో సగానికి కాస్త పైగా చేరారు. గేటు దాటితే మట్టి గుట్టలు, క్రేన్లు. కూరగాయల కొట్టు ఒక్కటీ లేదు. యాప్‌లో పెడితే పది నిమిషాల్లో వస్తాయి కానీ, కొత్తిమీర అంటే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు. మొన్న ఊరి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని చూసి "ఇది కూరలోకా, పూజలోకా?" అంది.

మేం నలుగురం ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్ ముందు సంత పెడదామనుకుంటున్నాం. శంకర్‌పల్లి వైపు రైతులు ఇద్దరు వస్తామన్నారు. కమిటీ ఏమో టేబుల్‌కి 500 తీసుకుందామంటోంది. ఒకాయనకి చెత్త టెన్షన్. ఇలాంటివి నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.

నల్లగండ్ల గృహిణి:
మా దగ్గర మూడేళ్లుగా నడుపుతున్నానండీ. అద్దె మాట ముందు తీసేయించండి. మేమూ మొదట్లో 300 పెట్టాం. మూడో వారానికి రైతులిద్దరూ మానేశారు. కిక్కురుమనకుండా కట్టింది ఒక్కడే, తెల్లవారుజామున బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్‌లో కొనుక్కొచ్చి "మా తోటవే అమ్మా" అని అమ్మేవాడు. అతని బండిలో ఆలు, ఉల్లి, క్యారెట్, కాలీఫ్లవర్ అన్నీ ఉండేవి. ఇన్ని రకాలు ఒక్క చేలో ఎలా పండాయో ఎవరం అడగలేదు! కొనుక్కొచ్చి అమ్మడం తప్పు కాదు, రైతునని చెప్పడమే తప్పు. ఇప్పుడు అతనికి వేరే టేబుల్, "కొని తెచ్చినవి" అని అట్టముక్క మీద రాసి పెట్టాం. ఉల్లి, ఆలు అతని దగ్గరే తీసుకుంటాం. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు రైతుకి గుర్తింపు కార్డు, మధ్యలో దళారి ఉండకూడదు, ధరల బోర్డు అని పెట్టింది ఇందుకే. మా మామగారు మెహిదీపట్నం రైతుబజారులో బోర్డు చదవందే సంచి విప్పేవారు కాదు.

అద్దె తీసేశాక కూడా రైతు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది, మిగిలిపోయే ఆకుకూర. ఒక ఆదివారం వాన పడింది. ఎనభై కట్టల పాలకూర తెచ్చినాయన అరవై వెనక్కి వేసుకెళ్లాడు. అప్పటి నుంచి శుక్రవారం రాత్రి వాట్సాప్‌లో పోల్ పెడుతున్నాం. ఎవరికి ఎన్ని కట్టలో తొమ్మిదిలోపు చెప్పాలి. చెప్పి రానివాళ్లకి ఇంటికే పంపించి డబ్బులు వసూలు చేస్తాం. మొదట్లో బాగా తిట్టారు లెండి. చివరి అరగంట ధర తగ్గిస్తారు, అప్పుడు పనివాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కొనుక్కుంటారు. "వాళ్లు ఇక్కడ కొనడమేంటి" అన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనా చివరి అరగంటకే వస్తాడు!

ఇంకో చిన్న విషయం. క్లబ్‌హౌస్ ముందు నేల వాన నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. మా దగ్గర ఆ వాలుకి ఎలక్ట్రానిక్ కాటా ఒరిగి, పళ్లెం ఒక పక్క అంచుకి ఆనింది. అరకిలో బెండకాయలు ఇంట్లో తూస్తే 540 గ్రాములు వచ్చాయని ఒకావిడ గ్రూపులో ఫొటో పెట్టింది, కాటా మీద ఇక పెద్ద చర్చ. చూస్తే నష్టపోతున్నది రైతే. కాటా కింద చెక్కముక్క పెట్టి సమంగా చేశాక సరిపోయింది. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో మాత్రం చూడండి.

చెత్త అంటారా, బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలతో కరెంటే తీస్తున్నారు. రెండు సంచుల తొక్కలకి కమిటీ మీటింగా?

చేవెళ్ల పోరడు:
నేను అమ్మేవాళ్ల వైపు మనిషిని. మాది ఎకరంనర. పుంటికూర (మీరు గోంగూర అనేది), పాలకూర, కొత్తిమీర వేస్తాం. పెద్ద మార్కెట్‌ల కమీషన్ పోతది, హమాలీ పోతది. కానీ సరుకు ఒక్కసారే అయిపోతది, ఎండెక్కకముందే ఇల్లు చేరతాం. మీ దగ్గర రేటు ఎక్కువ, కానీ మూడు గంటలు నిలబడాలె.

అక్క చెప్పినవన్నీ కరెక్టే. ఇంకొకటి కలుపుతున్నా. ఒక చోట మా అమ్మ బాత్రూమ్ ఎక్కడని అడిగితే, డ్రైవర్లది రెండో బేస్‌మెంట్‌ల ఉందని పంపిన్రు. లిఫ్ట్‌కి కార్డు కావాలంట. తిరిగొచ్చి ఏమనలేదు, గోనెసంచి తడిపి కట్టల మీద కప్పుకుంట కూసుంది. మళ్లీ ఆ గేటు తొక్కలేదు. గేటు కాడ కూడా, యాప్‌ల ఎవరో ఒప్పుకునేదాక బండి ఆపుతరు, ఆకు అక్కడనే వాడిపోతది. బెండకాయ కొన విరిచి చూసి, కొనకుండ పోయేటోళ్ల గురించి ఏం చెప్పాలె.

తెల్లాపూర్ టవర్ 3:
ఇద్దరికీ థాంక్స్. అద్దె మాట బుధవారం మీటింగ్‌లో తీయిస్తాను. క్లబ్‌హౌస్ కింది బాత్రూమ్ తాళం ఆదివారం పొద్దున్నే తీయిస్తాను, బండి నంబర్లు ముందురోజే గేటులో ఇస్తాం. మా టవర్‌లో ఇద్దరు ఇంట్లో చేసిన పచ్చళ్లు పెడతామంటున్నారు, పెట్టనివ్వచ్చా?

నల్లగండ్ల గృహిణి:
ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో చేసుకోమనండి. ఉన్నా మొదటి నెల వద్దు. మా దగ్గర పచ్చళ్ల టేబుల్ వచ్చి వేపచెట్టు నీడంతా ఆక్రమించింది, పాలకూరేమో ఎండలో. సీసాలు ఎండకి ఏమీ కావు కదండీ.