మందు మానేసి మూడో రోజు మతి తప్పితే సెంటర్‌కా, క్యాజువాలిటీకా?

కృష్ణలంక కుర్రాడు:
మా బాబాయి ఇరవై ఏళ్లుగా తాగుతాడు. పిన్ని ఒట్టు వేయించుకుందని ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజు, అంటే నిన్న రాత్రి, ఒళ్లంతా వణుకు, చెమటలు, గోడ మీద జెర్రులు పాకుతున్నాయని కేకలు. నాయనమ్మ గాలి సోకిందంది. నేను తాగుడు మాన్పించే ఒక డీఅడిక్షన్ సెంటర్‌కి ఫోన్ చేశా. నలుగురొచ్చి చేతులు కట్టి కారెక్కించుకుపోయారు. ఇంట్లో సగం మంది మంచి పని అంటున్నారు, సగం మంది తిడుతున్నారు. మీరేమంటారు?

బ్రాడీపేట నర్సు:
దారి తప్పావు తమ్ముడూ. అది గాలీ కాదు, పిచ్చీ కాదు. ఏళ్ల తరబడి తాగి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఇలా మతి తప్పవచ్చు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి. 108కి ఫోన్ చేసి జీజీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి, క్యాజువాలిటీకి తీసుకెళ్లాల్సింది. సెంటర్ సంగతి ఒళ్లు కుదుటపడ్డాక.

బెజవాడ బాబు:
చెప్పడం తేలికే అక్కా. మా అన్నయ్యని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే "తాగొచ్చాడు, పక్కన కూర్చోబెట్టండి" అన్నారు. సెంటర్ వాళ్లయితే పిలవగానే వస్తారు. ఇంట్లో ఆడవాళ్లు ఆ రాత్రి కాస్త నిద్రపోతారు.

బ్రాడీపేట నర్సు:
నిజమే, అలా అనేవాళ్లున్నారు. అందుకే గుమ్మంలోనే "మందు ఆపి మూడు రోజులైంది" అని చెప్పాలి, చివరి పెగ్గు ఎప్పుడు పడిందో టైమ్‌తో సహా. అప్పుడు చూసే తీరు మారుతుంది. విటమిన్ బీ1 ఇంజెక్షన్, ఫిట్స్ రాకుండా మందులు, పక్కనే డాక్టరు కావాలి. మాట సాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు ఉంటుంది, కానీ ఇది ఫోన్‌లో తగ్గే వణుకు కాదు.

గవర్నర్‌పేట ప్లీడరు:
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు సమస్యలకీ వర్తిస్తుంది. ప్రాణాపాయం ఉంటే 94వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయొచ్చు. ఆ పేరు చెప్పి చేతులు కట్టి కారెక్కించడం కుదరదు.

బెజవాడ బాబు:
అర్ధరాత్రి కత్తిపీట పట్టుకున్నవాడికి సెక్షన్లు చదివి వినిపించమంటారా సార్?

గవర్నర్‌పేట ప్లీడరు:
వద్దు. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

బ్రాడీపేట నర్సు:
వాదన తర్వాత. తమ్ముడూ, మీ బాబాయిని డాక్టరు చూశాడా?

కృష్ణలంక కుర్రాడు:
ఇందాక ఫోన్ చేస్తే "పడుకున్నాడు, లేపలేం" అన్నారు.

బ్రాడీపేట నర్సు:
లేపితే లేవడం లేదా? 108ని అక్కడికే పంపించు. నువ్వూ వెళ్లు.

కృష్ణలంక కుర్రాడు:
చేశా అక్కా. పిన్నిని ఎక్కించుకుని బండి మీద బయల్దేరుతున్నా.