వృద్ధాశ్రమం ఆయాలకు చివరి రోజుల సేవలో శిక్షణ: అవసరమా, దండగా?

క్లాక్‌టవర్_అనంతపురం: మా నాయన ఉండే ఆశ్రమంలో ముప్పై మంది దాకా పెద్దవాళ్లున్నారు. ఆయాలకు, నర్సుకు పాలియేటివ్ కేర్ నేర్పించమని కొందరం అడిగాం. అంటే జబ్బు నయం కాదని తెలిశాక నొప్పి, ఆయాసం తగ్గించి చివరిదాకా చూసుకునే పద్ధతి. ఆశ్రమంలో ఉండే ఒక్కో మనిషికి నెల ఫీజు 200 పెంచితే చేయిస్తామంటున్నారు. మీరేమంటారు?

బురుజు_కింద (కర్నూలు): దండగ. తొమ్మిది వేల జీతానికి ఏ ఆయా ఆరు నెలలు నిలబడుతుంది? నేర్చుకుని పోతుంది, మళ్లీ కొత్తామె. మాయమ్మ ఒక ఆశ్రమంలోనే పోయింది. చివరి రోజు నీళ్లడిగితే చెంచాడు పోయలేదు. ‘పోయకూడదు’ అన్నారంట. శిక్షణంటే ఇదేనా?

సీమ_సిస్టర్ (కడప): అన్నా, మింగడం ఆగిపోయిన మనిషికి చెంచాతో పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే వద్దంటారు. కానీ వద్దని వదిలేస్తే అది సగం నేర్చుకున్న పని. దూది తడిపి, బాగా పిండి, నాలుక మీద, చిగుళ్ల మీద మెల్లగా అద్దాలి. పెదవులు పగలకుండా వాజలీన్ రాయాలి. గంటకోసారి చేసినా ఎక్కువ కాదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఆ జేజి కళ్లు తెరవలేదు గానీ, దూదిని పెదవులతో గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

దేవునికడప: తులసి తీర్థం కూడా తప్పేనా ఇప్పుడు?

సీమ_సిస్టర్: పెదవులు తడిచేలా రెండు చుక్కలు వేస్తే ఎవరూ కాదనరు. గ్లాసెత్తి పోయడం వేరు.

బురుజు_కింద: చుక్కల లెక్క కాదమ్మా. మాయమ్మ నోరు తెరిచి అడిగింది. అడిగినా ఇవ్వలేదు. దానికి జవాబు చెప్పు.

సీమ_సిస్టర్: అడిగిందంటే మింగగలిగేదేమో. తల కింద దిండు పెట్టి, కూచోబెట్టి, కొద్దికొద్దిగా పట్టి చూడాల్సింది. ఎవరికి పట్టొచ్చో ఎవరికి పట్టకూడదో చూసి తెలుసుకోవడమే కదా అన్నా శిక్షణ.

మందుల_షాపు: అసలు భయం నొప్పికిచ్చే మార్ఫిన్ మందు. మత్తుకు అలవాటు చేసి తొందరగా పంపేస్తారని మా వీధిలో అందరూ అంటారు.

సీమ_సిస్టర్: క్యాన్సర్ నొప్పికి ఏ మెట్టులో ఏ మందు ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. పై మెట్టులో మార్ఫిన్ ఉంది. డాక్టరు నొప్పికి తగ్గ మోతాదులో ఇస్తే ప్రాణం తీయదు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనానికి కూడా మందు రాస్తారు. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మార్ఫిన్ దొరకడమే కష్టమైంది, అందుకే 2014లో ఆ చట్టాన్ని సవరించారు. ఆయా మార్ఫిన్ ఇవ్వదు. మాట్లాడలేని మనిషిని పక్కకు తిప్పేటప్పుడు నుదురు ముడుచుకుంటే నొప్పి అని పట్టుకుని చెప్పడం ఆమె పని. కేరళలో 2008 నుంచి దీనికి పాలసీ ఉంది, పంచాయతీల తరఫున నర్సులు ఇళ్లకే పోతారు.

బురుజు_కింద: కేరళ సంగతి మనకెందుకు? ఇక్కడ జరిగేది చెప్పనా? శిక్షణ ఉందని చెప్పి ఆసుపత్రికి పంపకుండా ఆశ్రమంలోనే చంపేస్తారు.

క్లాక్‌టవర్_అనంతపురం: కోలుకోలేని స్థితిలో ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. అది చంపడం కాదన్నా.

సీమ_సిస్టర్: బురుజు అన్నా, ‘చంపేస్తారు’ అన్న మాట వెనక్కి తీసుకోండి. పద్నాలుగేళ్లుగా పోయేవాళ్ల పక్కన కూచుంటున్నా. అమ్మను చూడడానికి ఆ నెలలో మీరెన్నిసార్లు పోయారు?

బురుజు_కింద: ఒక్కసారి. బెంగళూరులో ఉద్యోగం నాది. ‘కొంచెం నీరసంగా ఉంది సార్’ అని ఫోన్ చేశారు, అంతే. తిండి మానేసి మూడు రోజులైందని, కాళ్లు చల్లబడ్డాయని వాళ్లకు తెలుసు. ‘ఎక్కువ రోజులుండదు, వచ్చి చూసుకో’ అని ఒక్కరూ చెప్పలేదు. నేను వచ్చేసరికి ఐస్ బాక్సులో ఉంది. ఆ నీళ్లు నేను పోయాల్సినవి.

సీమ_సిస్టర్: అన్నా, నేను అట్లా అడగకూడదు, క్షమించు. ఆ మాట ఇంటివాళ్లకు ఎట్లా చెప్పాలో నర్సింగ్‌లో నాకూ నేర్పలేదు. చెప్తే డాక్టరు కోప్పడతాడని నేనే ఎన్నోసార్లు నోరు మూసుకున్నా.

బురుజు_కింద: అయితే ముందు డాక్టరుకు, ఆశ్రమం ఓనరుకు నేర్పించండి. ఆయా నెత్తిన ఎందుకు పెడతారు?

సీమ_సిస్టర్: రాత్రి రెండింటికి కాళ్లు ముట్టుకుని చూసేది ఆయానే. అప్పుడు అక్కడ డాక్టరుండడు.

దేవునికడప: ఆయా పొరబడి ఊరికే పిలిపిస్తే?

బురుజు_కింద: పదిసార్లు ఊరికే వచ్చినా నాకు బాధ లేదు. కానీ ఆ ఫోన్ చేసిన పాపానికి పొద్దునే ఆమె ఉద్యోగం పీకేస్తారు. క్లాక్‌టవర్ తమ్ముడూ, 200 సంగతి తర్వాత. ఫోన్ చేసిన ఆయాను ఏమీ అనమని ఓనరుతో ముందు కాగితం మీద రాయించుకో.