స్ట్రెస్: ఒత్తిడా, ప్రతిబలమా?

అరసున్న: బళ్ళో భౌతికశాస్త్రం మాస్టారు రాయించిన వాక్యం సగమే గుర్తుంది. "ప్రతిబలమంటే పైనుంచి పడేది కాదు, లోపల..." లోపల 'పుట్టేది'యా, 'నిలిచేది'యా? నిన్న ఒక అనువాదంలో స్ట్రెస్ ఉన్న చోటల్లా 'ఒత్తిడి' అని చూశాక మళ్ళీ తొలుస్తోంది.

బండిర: 'పుట్టేది'. లోపల పుట్టే పునఃస్థాపక బలాన్ని, అంటే వస్తువును మళ్ళీ మునుపటి ఆకారానికి తెచ్చే బలాన్ని, వైశాల్యంతో భాగిస్తే వచ్చేది, పాస్కల్‌లలో. కీలకమంతా 'ప్రతి'లో ఉంది. ప్రతిధ్వనిలో ప్రతి అది, ప్రతిదినంలోది కాదు. 'ఒత్తిడి'లో ఆ ఎదురు తిరగడం ఏదీ?

కందం: "ఈమధ్య చాలా ప్రతిబలంగా ఉందండీ" అని చూడండి. కండలు పెంచారేమో అనుకుంటారు.

బండిర: నవ్వండి. స్ట్రెస్ అనే మాటను వైద్యంలోకి తెచ్చిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే వాడింది ఆ అర్థంలోనే. దెబ్బకు ఒళ్ళిచ్చే జవాబు స్ట్రెస్. దెబ్బకేమో 'స్ట్రెసర్' అని వేరే పేరు పెట్టాల్సొచ్చింది. తనకు ఇంగ్లీషు ఇంకాస్త బాగా వచ్చుంటే 'స్ట్రెయిన్' అనేవాణ్ణని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

కందం: స్ట్రెయిన్ అంటే, ఆ బలానికి ఆకారంలో వచ్చే మార్పు, మీ పుస్తకాల్లో 'వికృతి' కదూ? బతికిపోయాం. లేకపోతే ఈపాటికి అందరం మానసిక వికృతితో బాధపడుతుండేవాళ్ళం.

ద్రుతం: ఉచ్చారణ సంగతి మరిచారు. అక్కడ 'ఊనిక'. 'రికార్డ్'లో మొదట ఊనితే నామవాచకం, చివర ఊనితే క్రియ. మనకు ఆ బాధ లేదు, గురులఘువులతోనే పని. కానీ తమాషా చూడండి: ఒత్తు ఉండేది ఒక అక్షరానికి, బరువెక్కేది దాని ముందున్నది. 'ఒత్తిడి'లో 'ఒ' హ్రస్వమే, పక్కన 'త్తి' ఉన్న పాపానికి గురువైంది.

కందం: ఆహా! అయితే పోతన "లావొక్కింతయు లేదు"లో 'వొ' కూడా అంతే. బలం లేదంటూనే అక్షరం బరువెక్కింది. ధైర్యం విలోలం, ప్రాణాలు ఠావులు తప్పడం, మూర్ఛ, తనువు డస్సడం, ఇంకేం కావాలి? చివర 'శ్రమంబయ్యెడిన్' అన్నాడు. స్ట్రెస్‌కి 'శ్రమ' చాలు, నన్నడిగితే.

ద్రుతం: శార్దూలం మగణంతో మొదలవ్వాలి, మూడూ గురువులే. దాన్ని ఏనుగు నీరసానికి అంటగట్టకండి.

కందం: మగణానికి సరిపడే మాటలు పోతనకు అదొక్కటే దొరికిందా?

అరసున్న: ఏనుగును కాసేపు మడుగులోనే ఉంచితే... నా చెవిలో 'నిలిచేది' అనే మోగుతోంది.

బండిర: నిలవదు. స్థితిస్థాపక అవధి, అంటే వస్తువు మళ్ళీ మునుపటి ఆకారానికి రాగలిగే హద్దు, దాటనంతవరకు, బరువు తీస్తే అదీ పోతుంది.

ద్రుతం: వేడిచేసి గబుక్కున చల్లార్చిన గాజులో? బరువేమీ లేకున్నా లోపల ఉంటుందిగా?

బండిర: అది అవశేష ప్రతిబలం. వేరే పాఠం.

అరసున్న: మాస్టారు ఏ పాఠంలో రాయించారో అదీ గుర్తులేదు.