నాన్న ఆడే షూటింగ్ గేమ్ చిన్నపాప చూడొచ్చా?

మా పాపకి మూడున్నరేళ్లు. రాత్రిపూట మా ఆయన షూటింగ్ గేమ్ ఆడుతుంటే ఒళ్లో కూర్చుని చూస్తుంది. "అదేం ఆడట్లేదుగా, చూస్తే ఏమవుతుంది?" అంటారాయన. మొన్న బొమ్మకి దువ్వెన గురిపెట్టి "చచ్చిపో" అంది. నా గుండె ఆగినంత పనైంది. నిద్రలో రెండుసార్లు ఉలిక్కిపడి లేచింది కూడా.

గేమ్ డబ్బా మీద పెగీ 18 అని ఉంది, అంటే యూరప్ వాళ్ల వయసు రేటింగ్‌లో 18 ఏళ్లు, ఆపైన వాళ్లకి. అమెరికా వాళ్ల రేటింగ్‌లో అయితే 'ఎం', అంటే 17 ఏళ్లు, ఆపైన వాళ్లకి. ఆ అంకె ఆడేవాళ్లకేనా, పక్కన కూర్చుని చూసేవాళ్లకి కాదా? ఈ వయసులో ఏది నిజమో ఏది ఉత్తుత్తిదో పిల్లలకి పూర్తిగా తెలియదు కదా.

ఆయనకున్న ఒక్క సరదా ఇదే, మానేయమనలేను. పాప పడుకున్నాక ఆడమంటే, నిద్ర చాలదంటున్నారు. మీ ఇళ్లలో ఎలా సర్దుకున్నారు? ఇప్పటిదాకా చూసినదాని గురించి పాపతో ఏం మాట్లాడాలి? దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.