మనకంటూ ఒక సోషల్ మీడియా కావాలా, ఉన్నవి చాలవా?

కొత్తవాడ నేత: మా వాడలో నేసిన దరీలను, అంటే నేల మీద పరిచే తివాచీలను, ఒక విదేశీ ప్లాట్‌ఫామ్‌లో పేజీ పెట్టి అమ్మేవాళ్లం. దసరా ముందు ఆ పేజీ లాక్ అయింది. ఎందుకో చెప్పలేదు. అప్పీల్ పెడితే మిషన్ జవాబు, మళ్లీ పెడితే మళ్లీ అదే. సీజన్ మొత్తం పోయింది. డబ్బు పంపుకోవడానికి 2016లో యూపీఐ తెచ్చుకున్నాం. మాట్లాడుకోవడానికి మనదంటూ ఒకటి ఎందుకు ఉండకూడదు?

హన్మకొండ ప్రవీణ్: తెచ్చుకున్నాం కదా అన్నా. 2020లో ట్విట్టర్ లాంటి మన యాప్ ‘కూ’ వచ్చింది, కేంద్ర మంత్రులు చేరారు, తెలుగులోనూ రాసుకున్నాం. 2024 జులైలో మూతపడింది. వాట్సాప్ లాంటి మన హైక్ మెసెంజర్ అంతకుముందే పోయింది. యూపీఐతో పోల్చకండి. ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి డబ్బు పోతుంది. వాట్సాప్ నుంచి మన దేశపు మెసేజ్ యాప్ అరట్టైకి మెసేజ్ పోతుందా?

కొత్తవాడ నేత: కూ మూతపడింది జనం లేక కాదు, పెట్టుబడి లేక. పెద్ద కంపెనీలతో చర్చలు ఫలించలేదని వాళ్లే రాశారు.

హన్మకొండ ప్రవీణ్: జనం నిలిచి ఉంటే పెట్టుబడి రాదా?

కొత్తవాడ నేత: ఒక దశలో రోజుకు 21 లక్షల మంది వాడారని చెప్పారు. అది జనం కాదా?

కాజీపేట జంక్షన్: కూ సంగతి వదిలేయండి ఇద్దరూ.

జగిత్యాల స్వప్న: మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. అక్కడ వాట్సాప్ మెసేజ్ వస్తుంది, కాల్ కలవదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్‌లో మాట్లాడుకుంటాం. అత్తమ్మకు అది నేర్పేసరికి నా ప్రాణం పోయింది. రేపు ఇక్కడ కూడా మనది నడవాలని వాళ్లది మూసేస్తే మాలాంటి వాళ్లం ఏం కావాలి?

కొత్తవాడ నేత: మూసేయమని ఎవరన్నారు చెల్లే? జపాన్‌లో లైన్, కొరియాలో కకావోటాక్ అనే మెసేజ్ యాప్‌లు ఎవరినీ మూయించకుండానే నిలబడ్డాయి.

హన్మకొండ ప్రవీణ్: అక్కడ వాట్సాప్ పాతుకోకముందే అవి వచ్చాయి. 2025లో అరట్టైని అందరూ ఎగబడి దించుకున్నారు. ఇప్పుడు మీ దరీల ఆర్డర్లు దేంట్లో వస్తున్నాయి, వాట్సాప్‌లోనే కదా? మీ ఒక్క పేజీ పోయిందని దేశమంతా యాప్ మార్చాలా?

కొత్తవాడ నేత: ఒక్క పేజీ అని తేలిగ్గా అనకు తమ్మీ. నాలుగు మగ్గాల కూలి దాని మీద నడిచింది. పెద్ద ప్లాట్‌ఫామ్‌లు ఫిర్యాదుల అధికారిని ఇక్కడే పెట్టాలని, గడువులోపు తేల్చాలని 2021 ఐటీ రూల్స్‌లో ఉంది. ఆయనకూ మెయిల్ పెట్టాను. మళ్లీ మిషనే మాట్లాడింది. కంపెనీ మనదైతే హైదరాబాద్ బస్సెక్కి ఆఫీసు ముందు కూర్చుంటాను. అడగడానికి నాకొక మనిషి కావాలి.

హన్మకొండ ప్రవీణ్: నా భయమంతా ఆ ఆఫీసు గురించే. మీరు వెళ్లగలిగిన చోటికి మా వార్డు లీడర్ మీకంటే ముందే వెళ్తాడు. 2023 జులై వరదలో మా కాలనీ మునిగితే వీడియో పెట్టాను. ఇంటికి మనుషులొచ్చి తీసేయమన్నారు. అమ్మ వణికిపోయింది. నేను తీయలేదు. యాప్ కూడా ఇక్కడిదే అయితే వాళ్లు మా ఇంటిదాకా రానక్కర్లేదు, ఒక్క ఫోన్ చాలు.

కొత్తవాడ నేత: ఇది ముందే చెప్పొచ్చు కదా, ఇంతసేపూ కూ గురించి కొట్లాడాం. అయినా ప్రభుత్వం ఆర్డర్ ఇస్తే విదేశీ కంపెనీలు తీసేయడం లేదా?

హన్మకొండ ప్రవీణ్: తీసేస్తాయి. కానీ అలాంటి ఆర్డర్ల మీద ట్విట్టర్ 2022లో కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. ఓడిపోయి 50 లక్షల జరిమానా వేయించుకుంది, అయినా వెళ్లింది. పెట్టుబడి కోసం తిరిగే మన కంపెనీ వెళ్తుందా?

కాజీపేట జంక్షన్: యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద వాట్సాప్ వేరే యాప్‌లకు మెసేజ్ పోయేలా దారి ఇవ్వాలి. మనం అడగాల్సింది అది. యాప్ ఎవరిదైతే ఏంటి?

కొత్తవాడ నేత: దారి ఇస్తే మెసేజ్ పోతుంది, సరే. పేజీ ఎందుకు ఆపారో ఎవరు చెప్తారు? దానికి జవాబివ్వండి.

జగిత్యాల స్వప్న: అన్నా, కొత్త యాప్ వచ్చేదాకా ఆగకండి. ఐటీ రూల్స్ కింద అప్పీలు కమిటీ ఉంది, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. అధికారి జవాబు వచ్చిన 30 రోజుల్లోపే పెట్టాలి. మీకు ఆ మెయిల్ ఎప్పుడొచ్చింది?