రజాకార్లు, సంఘంవాళ్లు చేతులు కలిపారా? మా చుట్టాల గ్రూపులో లొల్లి

విత్తనాల కొట్టు, సూర్యాపేట:
మూడు రోజులుగా మా వాట్సాప్ గ్రూపులో ఒకటే లొల్లి. మా మేనమామ కొడుకు ఒక బొమ్మ పెట్టాడు. ఒక పక్క ఎర్రజెండా మనిషి, ఇంకో పక్క రజాకారు, ఇద్దరూ చేతులు కలుపుకుంటున్నారు. కింద '1948లో కమ్యూనిస్టులు, రజాకార్లు ఒక్కటే' అని రాసి ఉంది.

మా తాత గుత్పల సంఘంలో, అంటే కర్రలు పట్టి దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘంలో, తిరిగిన మనిషి. ఆయన కుడి మోచేయి అటు చాపరాదు, ఇటు మడవరాదు. అన్నం పొడుగు చెంచాతో తినేవాడు. ఊళ్లో చెంచా పట్టిన మొదటి దొర మా ఆయనే అని నాయనమ్మ ఎగతాళి చేసేది. ఆ చెయ్యి విరగ్గొట్టింది రజాకార్లే. అందుకే నాకు మండింది, నాలుగు మాటలు అన్నాను. బావ కూడా తగ్గలేదు.

రాత్రి నాయనమ్మను అడిగితే, "ఎవలతోటి ఎవలు కలిసిండ్రో నాకేం ఎరుక బిడ్డా. రజాకార్లు వచ్చిండ్రంటే గుట్టకు ఉరికినం. యూనియన్ మిలిటరీ వచ్చిందంటే మళ్ల అదే గుట్టకు ఉరికినం" అంది. గ్రూపులో పెట్టడానికి పనికొచ్చే జవాబు కాదది. తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకునేవాళ్లకు వేరే పోస్టులు చాలా ఉన్నాయి.

రిటైర్డ్ సోషల్ మాస్టర్, నల్లగొండ:
తమ్మీ, కోపం తెచ్చుకోకు. మీ బావ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. ఢిల్లీతో మాటలు చెడుతున్నాయి, ఎవరు కలిసొస్తే వాళ్లే చాలన్న స్థితి. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నగర కమిటీలో కొందరు 'ఆజాద్ హైదరాబాద్'కు, అంటే ఇండియాలో కలవని స్వతంత్ర హైదరాబాద్‌కు, మద్దతుగా ప్రకటన ఇచ్చారు. ఆ ఏడాది కలకత్తా మహాసభలో పార్టీ నెహ్రూ ప్రభుత్వాన్నే శత్రువుగా ఎంచింది మరి. అంతకు ముందు ఏడాదేమో భారత యూనియన్‌లో కలవాలని కాంగ్రెస్ వాళ్లతో పాటు జెండాలు ఎత్తిన పార్టీ అదే! ఈ పాఠం చెప్పేటప్పుడు ఏటా నాకే తల తిరిగేది. భారత ప్రభుత్వం ఆ సందు వదల్లేదు, తన శ్వేతపత్రంలో ఇద్దరినీ ఒకే గాటన కట్టింది.

అయితే ఊళ్లలో పోరు నడిపిన పార్టీ ఆంధ్ర కమిటీ ఆ ప్రకటనను ఒప్పుకోలేదు. ఊళ్లలో దళాలు తుపాకులు దించలేదు. మేలో నిషేధం పోయిందా, ఆగస్టు 27న బైరాన్‌పల్లి జరిగింది. బురుజెక్కి కాపలా కాసుకున్న ఊరది. రజాకార్లు, నిజాం పోలీసులు వచ్చి పడి, మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చారు. దోస్తీ ఉంటే ఇదేంటని మీ బావను అడుగు.

పాలమూరు పాత బస్టాండ్:
మాస్టారూ, అసలు పొత్తు మీరు వదిలేశారు. రజాకార్లను నడిపిన పార్టీ మజ్లిస్, వాళ్లది ముస్లిం రాజ్యం మాట. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందూ దొర. మరి సంఘాన్ని అణచడానికి ఇద్దరూ ఒక్కటి కాలేదా? 1948 సెప్టెంబర్‌లో భారత మిలిటరీ దిగి నిజాంను లొంగదీసిన పోలీసు యాక్షన్ అయ్యాక దొరలు చాలామంది కాంగ్రెస్ తెల్లటోపీలు పెట్టుకుని మళ్లీ ఊళ్లకొచ్చారు. మిలిటరీ తరుముతుంటే దళాలు మా అమ్రాబాద్ అడవిదాకా వచ్చాయి. ఆ టోపీల బొమ్మ మాత్రం ఎవడూ ఫార్వర్డ్ చెయ్యడు.

మిర్యాలగూడ టు బెర్లిన్:
నేను రోజూ ఆఫీసుకు పోయేది ఇక్కడి సిటీ రవాణా సంస్థ బండ్లలోనే. 1932 నవంబర్‌లో గంటకు 2 ఫెనిగ్‌లు జీతం కోస్తామంటే ఆ సంస్థ కార్మికులు సమ్మె చేశారు. కమ్యూనిస్టులు, నాజీలు ఒకే గేటు ముందు నిలబడి బండ్లు కదలనివ్వలేదు. అంతకు ముందు రోజూ వీధుల్లో తలలు పగలగొట్టుకున్నవాళ్లే. 1931 ఆగస్టులో ఇక్కడి ప్రష్యా రాష్ట్రంలో సోషల్ డెమొక్రాట్ల ప్రభుత్వాన్ని దించాలన్న రెఫరెండంలో కూడా ఇద్దరిదీ ఒకే ఓటు, అయినా అది నెగ్గలేదు. సోషల్ డెమొక్రాట్లే పెద్ద శత్రువని కమ్యూనిస్టుల లెక్క. 1933 జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు. మార్చి మొదట్లోనే కమ్యూనిస్టు నాయకుడు టేల్‌మన్‌ను జైల్లో వేశారు, 1944లో చంపేశారు. మన పట్నం ప్రకటనకూ దీనికీ తేడా ఉందనుకోండి. ఇక్కడ పార్టీ పైనుంచి కిందిదాకా తెలిసే చేసింది.

విత్తనాల కొట్టు, సూర్యాపేట:
మాస్టారూ, మీరు చెప్పింది గ్రూపులో పెట్టాను. ప్రకటన సంగతి కూడా దాచలేదు, అది నాకే కొత్త. బావ చూసి 'సరే' అని ఒక్క ముక్క రాశాడు. మా వాళ్లలో అదే ఎక్కువ.

పొద్దున నాయనమ్మకు ఆ బొమ్మ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి, దూరంగా జరిపి చాలాసేపు చూసింది. "గీ ఎర్రజెండాయన చెయ్యి నిండ చాపిండు కద. మీ తాత కాదు పో" అని ఫోన్ చేతికిచ్చింది.